చుట్టకుదురైన ఎర్ర మఫ్లరు

మా ఇంట్లో గోడ గడియారాలు రెండుండేవి. ఒకటి రంగూన్ టైము చూపించేది. రెండోది దానికన్నా గంట వెనక నడిచేది. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి, "ఊరందరి గడియారాలూ బాగుచేస్తాడు, సొంతింట్లోది సరిచేసుకోలేడేటి?" అని మా నాన్నని ఆటపట్టించేవారు. మా నాన్న పని అదే మరి. పబేడాన్ బజారులో ఒక బట్టల కొట్టు మెట్ల పక్కన చిన్న అద్దాల బల్ల వేసుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతి గడియారాల పొట్టలు విప్పుతూ కూచునేవాడు. కానీ ఆ రెండో గడియారానికి ఏ రోగమూ లేదు. అది విశాఖపట్నం టైము.

విశాఖలో మా పెదనాన్న ఉన్నాడు. అరవైల్లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి కొట్లూ గోదాములూ తీసేసుకున్నాక, మనవాళ్లు ఓడలకి ఓడలు నిండి వెళ్లిపోయారు. పెదనాన్న అలా వెళ్లినవాడే. నాన్న కూడా వెళ్లాల్సింది. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. అమ్మకి లేస్తే వాంతులు, కూచుంటే కళ్లు తిరగడం. "ఈ గుంట బయటపడ్డాక వచ్చే ఓడకి వచ్చేస్తాంలే" అన్నాడట నాన్న. ఆ వచ్చే ఓడ మాకు రానేలేదు. నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా అమ్మ ఇదే బయటికి తీసేది: "నీ మూలానే ఇక్కడుండిపోయాం, కనీసం అంట్లయినా తోమే." రంగూన్ లమ్మడా పేటలో, నదికి దగ్గరగా, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు మాది. నానమ్మ, నాన్న, అమ్మ, నేను.

ఇక ఫుట్‌బాల్ సంగతి. మా తాతయ్య ఓడల్లో కళాసీ. ఒకసారి ఇంగ్లండులో ఏదో రేవు ఊళ్లో ఓడ మరమ్మతుకి ఆగిపోతే చలికాలమంతా అక్కడే ఉండిపోయాడు. ఆ ఊరి జట్టు ఆటలు చూసి చూసి పిచ్చెక్కి, ఎర్ర ఉన్ని మఫ్లరొకటి మెడకి చుట్టుకుని రంగూన్లో దిగాడు. మా ఊరి ఎండలో ఉన్ని మఫ్లరు! దాంతోపాటు ఆ జట్టు కప్పు పట్టుకుని దిగిన ఫొటో ఒకటి తెచ్చి గోడకి కొట్టాడు. తాతయ్య పోయాక మఫ్లరూ, ఫొటో, పిచ్చీ మూడూ కొడుకులకి సంక్రమించాయి. జట్టు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, వెనకటి ఆడవాళ్లు మొగుడి పేరు పలకనట్టు. "మనోళ్లు" అనేవారు, అంతే.

ఓడెక్కే ముందు రేవులో అన్నదమ్ములిద్దరూ ఒక మాట అనుకున్నారట. శనివారం రాత్రి అన్నాలయ్యాక లండన్ రేడియోలో మ్యాచ్ కామెంటరీ వస్తుంది. అక్కడ ఆయన, ఇక్కడ ఈయన, ఇద్దరూ తప్పకుండా వినాలి. ఉత్తరాలు ఎప్పుడో గానీ వచ్చేవి కావు, వచ్చినవి కూడా ఎవరో విప్పి మళ్లీ అంటించినట్టు ఉండేవి. టెలిఫోను మాట దేవుడెరుగు. శనివారం మాత్రం తప్పేది కాదు. "అన్న కూడా ఇదే వింటున్నాడు" అనేవాడు నాన్న, రేడియో ముందు కూచోగానే. నానమ్మ వెంటనే గంట వెనక నడిచే గడియారం వంక చూసి, "ఆడికింకా అన్నాల ఏళే" అనేది. నేను పుట్టినప్పట్నుంచీ ఇదే వరస.

విదేశీ రేడియో వినడమంటే అప్పట్లో కాస్త జంకు. పేట కౌన్సిలు ఆఫీసు మా వీధి మొగలోనే ఉండేది. అందుకని నాన్న గొంతు బాగా తగ్గించి, చెవి రేడియోకి ఆనించి వినేవాడు. గోలు పడితే అరవకూడదు కనక తొడ గిల్లుకునేవాడు. ఒకసారి ఆ ఊపులో పక్కనున్న నా తొడ గిల్లాడు. అప్పట్నుంచి నాకు ఫుట్‌బాల్ అంటే ఒళ్లుమంట.

నా కాలేజీ చదువు అయిపోయి, ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరుగుతున్న ఏడాది మనోళ్లకి శని పట్టింది. ఓటమి మీద ఓటమి. వాళ్ల గోలు కీపరు చేతికి ఏమైందో, వచ్చిన బంతల్లా లోపలికి వదిలేసేవాడు. కింది అంతస్తులో బర్మా పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరం ఆయన్ని 'ఉలే' అనేవాళ్లం, బాబాయి అన్నట్టు. ఆయనది ఇంకో జట్టు, ఆ ఏడాది బ్రహ్మాండంగా ఆడుతున్న జట్టు. ఆదివారం పొద్దున్నే నాన్న టీకొట్టుకి దిగేసరికి మెట్ల మీదే కాచుకుని, "ఏమయ్యా, రాత్రి నీళ్లు వదిల్నట్టు గోల్సు వదిలారటగా మీవాళ్లు!" అని నవ్వేవాడు. నాన్న "కిస్సా మషిబూ" అనేవాడు, ఫర్వాలేదని. ఫర్వాలేకపోవడం ఏమిటి, మనిషి సగమైపోయాడు.

నానమ్మకి ఆట తెలీదు. కొడుకు కంచం ముందు కూచుని అన్నం కెలుకుతుంటే చూడలేకపోయింది.

"ఏట్రా, ఒంట్లో బాగోలేదేటి?"

"మనోళ్లు దిగిపోయేలా ఉన్నారమ్మా."

"ఎక్కడికి దిగిపోతార్రా?"

నాన్న ఓపిగ్గా చెప్పాడు. పై డివిజన్లో ఆడే జట్లలో అడుగున మిగిలినవాటిని ఏడాది చివర రెండో డివిజన్‌లోకి తోసేస్తారు. లండన్ రేడియోవాడు కామెంటరీ చెప్పేది పై డివిజన్ ఆటలకే.

"అయితే శనారం రేత్రి రేడియో?"

"ఇంకేటి రేడియో. మనోళ్లే లేకపోతే ఏటి వినాలి?"

"మరి పెద్దోడు?"

నాన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. నాకు ఆ పూట మొదటిసారి ఆ దిక్కుమాలిన జట్టు గెలిస్తే బాగుండుననిపించింది.

మర్నాడే నానమ్మ తలంటుకుని, పసుపు గుడ్డలో నాణెం కట్టి, నన్ను తోడు రమ్మని అమ్మవారి గుడికి బయల్దేరింది. ముడుపు కడుతూ, పక్కనున్నవాళ్లకి కూడా వినపడేలా మొక్కుకుంది. "తల్లీ, ఆ కప్పు మావోళ్లకి ఇప్పించు. ఇప్పిత్తే నీ పండక్కి నా నెత్తి మీద ఘటం ఎత్తుకుని నీ గుమ్మంలోకొత్తాను." మోకాళ్ల నెప్పులతో మా మెట్లు దిగడానికే ముక్కేది ఈవిడ. ఘటమట!

కప్పు ఎందుకడిగిందంటే, గోడ మీది తాతయ్య ఫొటోలో మనోళ్లు నవ్వుతూ పట్టుకున్నది కప్పు కనక. ఇంగ్లండులో పోటీలు రెండు రకాలని ఆవిడకేం తెలుసు? ఏడాది పొడుగునా అందరూ అందరితో ఆడేది లీగు. ఓడినవాడు అక్కడికక్కడే ఇంటికెళ్లిపోయేది కప్పు. దీనికీ దానికీ సంబంధం లేదు. లీగులో చిత్తుగా ఓడుతున్నవాడు కప్పులో గెలవచ్చు, కప్పు గెలిచినవాడు కూడా లీగులోంచి దిగిపోవచ్చు. ఇదంతా నాక్కూడా తర్వాతే తెలిసింది. నానమ్మది సాదా లెక్క. "కప్పిచ్చినోణ్ని బయటికి గెంటుతారేటే? పెళ్లికొడుక్కి దండేసి ఈదిలోకి తోసేత్తారా?" అంది దారిలో. నాకది సబబుగానే తోచింది.

అమ్మవారు విన్నది. శనివారం శనివారం లీగులో మట్టికరుస్తున్న మనోళ్లు, వారం మధ్యలో కప్పు మ్యాచ్‌లు మాత్రం గెలుచుకుంటూ పోయారు. ఇదేం విడ్డూరమో నాన్నకి అంతుపట్టలేదు. ఉలే అయితే "మీవాళ్లకి జట్లు రెండున్నాయా? కాస్త ఆ మంచి జట్టుని శనివారం కూడా దింపమనవయ్యా" అని ఏడిపించాడు. సెమీస్‌లో మనోళ్లు ఓడించింది ఆయన జట్టునే. ఆ ఆదివారం ఆయన మెట్ల మీద కనిపించలేదు.

ఫైనల్ రోజు కరెంటు పోయింది. అది వింతేం కాదు. రేడియోలో బ్యాటరీలు కూడా నీరసించాయి, అదీ అసలు గండం. సహకార దుకాణంలో మా కోటా అయిపోయింది. నాన్న గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే తలుపు చప్పుడైంది. ఉలే, తన టార్చిలైటులోంచి ఊడదీసిన బ్యాటరీలు రెండు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మీవాళ్లు ఓడిపోతుంటే నా చెవులతో వినాలి" అంటూ వచ్చి చాప మీద కూలబడ్డాడు. టార్చి లేక ఆ చీకటి మెట్లు ఎలా ఎక్కాడో మహానుభావుడు!

కొవ్వొత్తి వెలుతురులో అందరం రేడియో చుట్టూ ముడుచుకుని కూచున్నాం. మ్యాచ్ మొత్తం చెప్పారు ఆ రోజు. నానమ్మ కొంగుకి ముడేసి, ఆ ముడి పట్టు వదల్లేదు. రెండో సగంలో మనోళ్లు గోలు కొట్టారు. నాన్న అరిచాడు. తొడలూ లేవు, గిల్లడాలూ లేవు, నిలువునా లేచి గావుకేక పెట్టాడు. కింద వీధిలోంచి ఎవరో గద్దించారు, ఏమిటా గోలని. అమ్మ కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎలకండీ, ఎలక! ఇంత ఎలక!" అని బర్మా భాషలో చేతులు చాచి చూపించింది. ఉలే నోట్లో లుంగీ కొంగు కుక్కుకుని నవ్వాడు. ఆ గోలుతోనే కప్పు మనోళ్లదయింది. నాన్న విశాఖ గడియారం కేసి తిరిగి, "అన్నా, గెలిచాంరా" అన్నాడు. నాకు కూడా కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచాలి.

అప్పుడు నానమ్మ ముడుపు సంగతి బయటపెట్టింది. "ఇంక మనోళ్లని ఎవుడూ దించలేడు. శనారాలకి ఢోకా లేదు" అంది. నాన్న నోరు తెరిచి, నావంక చూసి, మళ్లీ మూసేశాడు. ఆవిడ ముఖంలో ఆ సంబరం చూశాక ఏ కొడుకు మాత్రం చెప్పగలడు?

వేసవి పండగకి ఘటాలు బయల్దేరాయి. పసుపునీళ్లు నింపి, వేపమండలు కట్టిన ఇత్తడి బిందె. నానమ్మ నెత్తిన పెట్టబోతే చుట్టకుదురు కనపడలేదు. హడావిడిలో ఇంట్లోనే మర్చిపోయాం. నాన్న సంచిలోంచి తాతయ్య మఫ్లరు తీశాడు. కప్పు గెలిచిన దగ్గర్నుంచీ దాన్ని వెంటేసుకునే తిరుగుతున్నాడు మరి. గుండ్రంగా చుట్టి ఆవిడ నెత్తిన పెట్టి, దాని మీద ఘటం నిలబెట్టాడు. కాలిపోతున్న తారు రోడ్డు మీద, డప్పుల మధ్య, చెప్పుల్లేకుండా నడిచింది మా నానమ్మ. సగం దారిలో మోకాలు మడత పడింది. నాన్న ఒక్క అంగలో వెళ్లి, మఫ్లరుతో సహా ఘటం తన నెత్తికెత్తుకున్నాడు. గుడి లోపలికి అడుగుపెట్టని మనిషి, కొబ్బరికాయ కొట్టడమంటే కొబ్బరికాయ దండగనే మనిషి, గర్భగుడి దాకా మోశాడు. పసుపునీళ్లు ఒలికి ఎర్ర మఫ్లరంతా మరకలయింది. అది ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

నెల తిరక్కుండా మనోళ్లు దిగిపోయారు.

నానమ్మకి చెప్పొద్దని ఇంట్లో కట్టడి. ఆట లేని నెలలు కాబట్టి కొన్నాళ్లు గడిచిపోయింది. వానల్లో కొత్త ఆటలు మొదలయ్యాక వచ్చింది చిక్కు. శనివారం రాత్రి నానమ్మ చాప మీద వచ్చి కూచునేది. "రేడియో ఎట్టవేట్రా?" నాన్న ఒక వారం బ్యాటరీల్లేవన్నాడు. ఇంకో వారం తలనెప్పన్నాడు. తర్వాత రేడియో పాడైందన్నాడు. "గడియారాలు బాగుచేసే చేతికి రేడియో లొంగలేదేటి?" అంది నానమ్మ. నాన్న దుప్పటి ముసుగు పెట్టేశాడు.

చివరికి గుట్టు బయటపెట్టింది ఉలే. పాపం ఆయనకేం తెలుసు? ఒక శనివారం పైకొచ్చి, "మీవాళ్లు ఎలాగూ దిగిపోయారుగా, ఒంటరిగా ఏం కూచుంటావు, రా, మావాళ్ల ఆట విందాం" అన్నాడు. బర్మా భాషలోనే అన్నాడు గానీ, నానమ్మకి ఆ భాష మాకన్నా బాగా వచ్చు.

"ఎవులు దిగిపోయారు?" అంది.

అమ్మ వంటింట్లోకి జారుకుంది. నాన్న దుప్పటి తీసి లేచి కూచున్నాడు. "నీ మొక్కు వృథా అయిందని బాధపడతావనమ్మా..."

"నా మొక్కుకేటయిందిరా? కప్పడిగాను, కప్పిచ్చింది. సరిగ్గా అడగడం నాకు రాలేదు, అది అమ్మోరి తప్పేటి?" ఆవిడ గొంతు హఠాత్తుగా పెద్దదయింది. "అది కాదు నానడిగేది. రేడియో కట్టేసి ఎన్ని శనారాలయింది?"

"మనోళ్లు లేరు కదమ్మా. ఎవరిదని వినాలి?"

"ఎవులాడితే ఏటి? అక్కడ మీ అన్న రేడియో ఎట్టుకుని, తమ్ముడూ ఇంటన్నాడు అనుకుంటన్నాడు. నువ్విక్కడ దుప్పటి ముసుగెట్టి తొంగున్నావు. ఆణ్ని ఒక్కణ్నీ కూకోబెట్టీసి!"

"అన్న మాత్రం వింటున్నాడని నీకేటి తెలుసు?"

"ఆణ్ని నాను కన్నాను, నాకు తెల్దేటి? ఎట్టు."

నాన్న ఏడ్చాడు. పెద్దవాడు, నెరిసిన జుట్టువాడు, ఉలే చూస్తుండగానే ఏడ్చాడు. ముఖం తుడుచుకుని, రేడియోకి బ్యాటరీలు వేశాడు. ఇన్నాళ్లూ లేవన్న బ్యాటరీలు ఆయన దిండు కిందే ఉన్నాయి. ఎప్పట్లాగే గొంతు బాగా తగ్గించి మీట తిప్పాడు. గరగరల మధ్య మాకేమీ కాని రెండు జట్ల ఆట మొదలైంది. ఉలే సద్దు చేయకుండా చాప అంచున కూచున్నాడు.

నానమ్మ వెనక నడిచే గడియారం వంక చూసింది. "ఆడింకా కంచం ముందే ఉంటాడు" అంది. "కొంచెం గట్టిగా ఎట్రా."

నాన్న కిటికీ వంక ఒకసారి చూసి, గొంతు పెంచాడు.