నేలకు నీళ్ల కట్టుబాటు

మా ఊరి మీద ఒక పరిశోధన జరిగింది. అందులో నేను కూడా ఉన్నాను, నిరక్షరాస్యురాలిగా.

పరిశోధన చేసిన మేడమ్ నెల్లూరు నుంచి బస్సులో వచ్చింది. "క్రీడల నిర్వహణ, సామాజిక సమస్యలు" అనేది ఆమె డాక్టరేటు విషయమట. ఆటలకు కూడా అంత చదువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లలు ఆడుకుంటారు, చీకటి పడితే ఇంటికొస్తారు, అంతే అనుకునేదాన్ని. మత్స్యకారుల ఊళ్లలో ఆడపిల్లలు ఆటలకు ఎందుకు రావడం లేదో కనుక్కోవడం ఆమె పని. మంచి పిల్ల. ఎండకు ముఖం కందిపోయి వచ్చింది. మా అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాను.

తింటూనే ప్రశ్నలు అడిగింది. ఇంట్లో ఎంతమంది, పిల్లలు బడికి వెళ్తున్నారా, ఆడపిల్ల ఆడతానంటే ఎవరు వద్దంటారు. చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు కాగితం నా పక్కనే పెట్టింది. నేను చదివాను. "చదువు" అన్న చోట నన్ను అడగకుండానే నిరక్షరాస్యురాలు అని టిక్కు పెట్టి ఉంది. దాని కింద "ఆటస్థలాన్ని నిర్వహించేది ఎవరు?" అని ఉంది. పంచాయతీ, పాఠశాల, క్లబ్బు, ఎవరూ లేరు అని నాలుగు గడులు. ఆఖరి గడిలో టిక్కు. తిరిగొచ్చాక చెప్పి ఉండవచ్చు. కానీ ఇంకో రెండు రొయ్యలు వేయించుకుని మళ్లీ కూర్చుంది. తినేవాళ్లను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

మేడమ్ నాలుగున్నర బస్సుకు వెళ్లిపోయింది. ఆటస్థలం గురించి ఊరి పెద్దలు కూర్చున్నది అయిదింటికి.

ఆ గొడవ మా మనవరాలి వల్లే వచ్చింది. అది తొమ్మిదో తరగతి. కబడ్డీలో కూతకు వెళ్తే నలుగురిని లాక్కొచ్చే రకం. మా ఊళ్లో ఏడుగురు ఆడపిల్లల్ని వాళ్ల బడి డ్రిల్లు సారు జట్టుగా కట్టాడు. నెల రోజుల్లో నెల్లూరులో జిల్లా ఎంపికలు. బడి ఆవరణలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. "మీ ఊళ్లోనే ప్రాక్టీసు చేయండి, చేయకపోతే నెల్లూరికి తీసుకెళ్లను" అని ఆయన తేల్చేశాడు. మా ఊళ్లో కాలు కూరుకుపోని నేల ఒక్కటే, తుఫాను షెల్టర్ ముందున్న గట్టి చోటు. అక్కడ మగపిల్లలు క్రికెట్ ఆడతారు. ఆడపిల్లలు వెళ్లి అడిగితే, "బంతి తగిల్తే ఏడస్తారు, పోండి మే" అన్నారు. మా మనవరాలు వికెట్లు పీకి పక్కనే ఉన్న సరస్సులోకి విసిరేసింది. దాంతో తగువు పెద్దల దగ్గరికి వెళ్లింది.

మా ఊరి పెద్దకాపు, అంటే పెద్దల సభకు పెద్ద, నాకు మరిది వరస. నా భర్త చిన్నాన్న కొడుకు. ఆ సాయంత్రం ఆయనకు తొందరగా ఇంటికి వెళ్లాలని ఉంది. ఇరువైపులా అరుపులు విని విని చేయెత్తాడు.

"ఎందుకబ్బా ఈ రచ్చంతా? నీళ్ల మీద మనకో కట్టుబాటు ఉండాది గదా. నేల మీద కూడా అదే. చీటీలేస్తాం. ఎవరి వంతు రోజు వాళ్లది. అయిపోయె!"

ఆడపిల్లల్ని పోట్లాట లేకుండా పంపించేయడానికి అన్న మాట అది. ఎందుకంటే సరస్సులో వల వేసుకునే చోటుకు మేం వంతులు పెట్టుకుంటాం. పెళ్లయిన ప్రతి మగవాడికీ ఒక వంతు. ఏడాదికొకసారి చీటీలు తీసి, ఎవరిది ఏ రోజో నెలనెలా పట్టీ రాసి షెల్టర్ గోడకు అంటిస్తారు. ఆడపిల్లలకు అందులో వంతు ఎక్కడుంటుంది?

జనంలోంచి ఎవరో అడిగారు. "పెద్దకాపా, మరి ఈ క్రికెట్ పిల్లోళ్లకు మాత్రం పెళ్లిళ్లయినాయా?"

అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. సభలో పెద్దకాపు చెప్పిన మాట ఏడాది తిరిగేదాకా మార్చకూడదన్నది కూడా మా కట్టుబాటే.

నీళ్ల కట్టుబాటులో ఇంకొకటి ఉంది. మొగుడు పోతే అతని వంతు పెళ్లానిదే. ఆమె నీళ్లలోకి దిగదు కాబట్టి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఎవరికిచ్చావని అడిగే హక్కు పెద్దకాపుకు కూడా లేదు. మా ఊళ్లో వితంతువులం పదకొండుమందిమి.

మర్నాడు గోడ మీద కొత్త పట్టీ వెలిసింది. మగవాళ్లు తమ వంతులు కొడుకులకు ఇచ్చుకున్నారు. అది అనుకున్నదే. మా పదకొండుమంది వంతులు కూడా ఎటూ వాళ్లకే వస్తాయని క్రికెట్ పిల్లల ధైర్యం. మా రోజులు మాకెలా తెలుస్తాయి? ఎవరైనా చదివి చెప్పాలి కదా.

ఇక్కడ నా చదువు గురించి చెప్పాలి. నా భర్త పోయాక చాలా ఏళ్లు సరస్సు పట్టీ నాకు మరిదే చదివి చెప్పేవాడు. "వదినా, ఈ నెల నీది ఒక్కటే వచ్చింది" అనేవాడు. నేను ఆ ఒక్కటీ ఎవరికో ఇచ్చి, చేపల్లో నా భాగం తెచ్చుకునేదాన్ని. యాభై దాటాక మా డ్వాక్రా సంఘంలో అందరూ సంతకం నేర్చుకోవాలన్నారు. మధ్యాహ్నాలు షెల్టర్ వరండాలో పలకలు పట్టుకుని కూర్చున్నాం. మిగతావాళ్లు సంతకం రాగానే లేచిపోయారు. నేను ఇంకొన్నాళ్లు కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద సరస్సు పట్టీ ఉండేది. వేరే పుస్తకం లేదు కాబట్టి దాన్నే చదివేదాన్ని. ఒక రోజు నా భర్త పేరు దొరికింది. సంబరపడి ఇంకా కిందికి చదివితే, అదే నెలలో మళ్లీ దొరికింది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మరుసటి నెల మరిది వచ్చి "వదినా, నీది..." అనబోతే, "రెండొచ్చినాయి అబ్బయ్యా, చూసినాను" అన్నాను. ఆయన కండువా సర్దుకుని, ఈ ఏడు ఎండలు ఎక్కువన్నాడు. ఆ తర్వాత ఆయన నాకు పట్టీ చదవలేదు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆటస్థలం పట్టీని నేను మిగతా పదిమంది వితంతువుల ఇళ్లకూ వెళ్లి చదివి చెప్పాను. పదకొండు వంతులూ ఆడపిల్లలకు వచ్చాయి. క్రికెట్ పిల్లలు అప్పుడు మా అరుగుల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"అవ్వా, రేపు నీ వంతంట. మాకియ్యవా? మ్యాచ్ ఉండాది."

"పెండ్లి చేసుకోరా. నీకే వస్తాది వంతు."

"పదో తరగతి అవ్వా నేను!"

"అయితే చదువుకో పో."

నెల అలా గడిచింది. ఎంపికలు దగ్గరికొచ్చేసరికి చిక్కుపడింది. ఆఖరి నాలుగు రోజులూ వరసగా మగపిల్లల వంతులే పడ్డాయి. మా మనవరాలు అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. "నాలుగు రోజులు ఆడకపోతే కాళ్లు బిగుసుకుంటాయి అవ్వా. ఒక్కరోజు దొరికినా చాలు. లేకుంటే సారు నన్ను పక్కన కూర్చోబెడతాడు." పట్టీ మళ్లీ చదివాను. ఎంపికల ముందు రోజు మరిది వంతు. ఆయన కొడుకు క్రికెట్ జట్టు కెప్టెన్.

వెళ్లాను. ఆయన వల చినుగులు కుట్టుకుంటున్నాడు.

"రేపు నీ వంతు అబ్బయ్యా."

"అవును వదినా. మావాడికిచ్చేసినా."

"ఆడపిల్లలకు అడుగుదామని వచ్చినాను."

"ఇచ్చేసిన మాట ఎట్టా తిప్పుకునేది? నువ్వైనా చెప్పు."

"తిప్పుకోవద్దులే." లేచాను. గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే నెలది కూడా గోడ మీద పెట్టినారు గదా. మన సరస్సు పట్టీ. పాతవి కూడా ఉండాయంట, షెల్టర్ బీరువాలో. ఖాళీగా ఉన్నప్పుడు చదవాలి అవన్నీ. ఇప్పుడు కళ్లద్దాలు కూడా వచ్చినాయి" అన్నాను.

ఆయన సూదిలోకి దారం ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు.

"వదినా," అన్నాడు చివరికి, "రేపు నేను నీళ్ల మీదికి పోతాండా. నా వంతు ఏమవుతాదో నాకు తెలీదు. మావాణ్ణి కూడా పడవెక్కించుకొని పోతా."

మర్నాడు సాయంత్రం ఏడుగురు పిల్లలూ దుమ్ము లేపారు. మరిది పడవ ఒడ్డుకు వంద బారల్లోనే ఉంది. అంత దగ్గర చేపలుండవు. వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు కానీ, కూత వినిపించినప్పుడల్లా మెడ తిరుగుతూనే ఉంది. కెప్టెన్ మాత్రం తెడ్డు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు.

మా మనవరాలు జిల్లా జట్టుకు ఎంపికైంది, పన్నెండో పిల్లగా. ఆడేది ఏడుగురే. అయినా ఊరంతా మిఠాయి తిన్నది. అందరికంటే ఎక్కువ తిన్నది మరిదే.

ఏడాది దాటాక మేడమ్ తన పరిశోధన సారాంశం తెలుగులో పంపింది, పది పేజీలు. పెద్దకాపు చేతికి అందింది. ఆయన కళ్లజోడు విరిగిందని నన్ను పిలిపించాడు. సభలో అందరి ముందూ నిలబడి చదివాను. చదవడం నిదానమే, కానీ ఎవరూ లేచిపోలేదు. మహిళలకు అవగాహన లేదని ఒకచోట ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఈ వాక్యం వచ్చింది. "ఈ గ్రామంలో ఆటస్థలానికి సంబంధించి ఎటువంటి నిర్వహణ వ్యవస్థా లేదు."

"ఏందీ?" అన్నాడు మరిది. "మళ్లా చదువు."

మళ్లీ చదివాను.

"లేదని రాసిందా? ఇంతమంది పెద్దోళ్లం కూర్చొని, చీటీలేసి, గోడకు పట్టీ అంటిస్తే, ఏమీ లేదని రాసిందా? ఎవురి ఇంట్లో కూడు తినిందంట ఆ పిల్ల?"

"మా ఇంట్లోనే" అన్నాను. "రొయ్యలు."

ఆడపిల్లలు సభలో నిలబడి అడిగినా రాని కోపం, పదకొండుమంది వితంతువులం వంతులన్నీ వాళ్లకే ఇచ్చినా రాని పౌరుషం, ఆ ఒక్క వాక్యానికి వచ్చింది ఆయనకు. ఏడాది తిరిగింది కాబట్టి కట్టుబాటు మార్చే వీలు కూడా ఉంది. ఈసారి పట్టీలో ఆడపిల్లలకు సొంత వంతు ఉండాలన్నాడు, వారానికి రెండు. మేడమ్ వచ్చి కళ్లారా చూసి దిద్దుకోవాలన్నాడు. అవగాహన లేని మహిళలం మేం తలలూపాం.

కళ్లజోడు విరిగింది కాబట్టి పట్టీ నన్నే రాయమన్నాడు. "ఆడపిల్లలు" అని రాశాను. నా అక్షరాలు పెద్దవి, గీతలో పట్టవు. కిందికి దిగి కింది వరసలోని పేరును సగం కప్పేశాయి. ఆ పేరు మరిదిదే. చెరిపి రాయనా అని అడిగితే, వద్దులే వదినా, తన వంతు తనకు తెలుసులే అన్నాడు.