గుండీలత్త మోకాలు

మా బాబాయి నవలలు రాస్తాడు. ఒకసారి తన నవల్లోకి వచ్చిన మనిషిని బయటికి పంపడం మాత్రం ఆయనకు చేతకాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వెళ్ళమనలేని మొహమాటం కాగితం మీద కూడా ఉంటే ఇంతే. మొదటి నవల్లో తలుపు తట్టిన పోస్టుమాన్ పదకొండో నవల్లో ఇంకా తడుతూనే ఉన్నాడు. పాపం, రిటైరు చేయొచ్చు కదా అని నేనంటే, "కూతురి చదువు పూర్తి కాలేదురా, ఇంకో రెండు నవలలు ఆగు" అన్నాడు.

అందరిలోకీ మొండిఘటం గుండీలత్త. మెడలో కత్తెర వేలాడేసుకుని వచ్చి, ఎవరి చొక్కాకి గుండీ ఊడినా అక్కడికక్కడే నిలబెట్టి కుట్టేస్తుంది. డిటెక్టివ్ నవల్లో బేడీలు వేయబోతున్న ఇన్‌స్పెక్టర్ని ఆపి మరీ కుట్టింది. హంతకుడు బుద్ధిగా సూదిలో దారం ఎక్కించాడు. రాజుల కథలోనూ దూరింది. ఆ కాలంలో గుండీలెక్కడివని అడిగితే, ఆవిడ వచ్చాకే వచ్చాయన్నాడు బాబాయి.

కొత్త నవల నడిసముద్రంలో, ఓడ మీద జరుగుతుంది. అందులోనూ ఆవిడ కత్తెరతో ప్రత్యక్షమయ్యేసరికి పబ్లిషరుకి ఒళ్ళు మండింది. ఆవిడ ఓడ దిగితేనే నవల అచ్చేస్తానని కబురు పెట్టాడు. బాబాయి పుస్తకాలు వేసే ధర్మాత్ముడు ఇంకొకడు లేడు. రాతప్రతి సాపు చేసేది నేను గనక నచ్చజెప్పే పని నా నెత్తిన పడింది. బతిమాలాను, పిన్ని చేత చెప్పించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి పబ్లిషరే తేల్చుకుందామని ఇంటికి వచ్చాడు.

మాటామాటా పెరుగుతుండగా కింద గదిలో కుట్టుమిషన్ ఆగింది. ఆ గదిలో ఏళ్ళుగా బట్టలు కుడుతున్న దర్జీ మామ మెడలో టేపుతో పైకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భార్య నేను పుట్టకముందే పోయిందట.

"కొత్తది రాశావటగా" అన్నాడు బాబాయితో. "పోయిన నవల్లో మా ఆవిడ కుంటుతోంది. మోకాలు తగ్గిందా?"

"తగ్గింది బావా. ఈసారి ఓడ ఎక్కింది."

"ఓడా? నీళ్ళంటే తనకి భయం కదయ్యా. పక్కన ఎవరున్నారు?"

"పోస్టుమాన్ ఉన్నాడు."

"అయితే పర్లేదు" అని మామ నిమ్మళంగా మెట్లు దిగాడు. మళ్ళీ మిషన్ చప్పుడు మొదలైంది.

కింద దర్జీ, పైన గుండీలు. మధ్యలో మెట్లున్నాయని ఇన్నేళ్ళుగా నా మట్టిబుర్రకి తట్టనే లేదు. బాబాయిని చూస్తే నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. ఆయన మాత్రం తప్పు చేసి దొరికిపోయినవాడిలా కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

పబ్లిషరు రాతప్రతి సంచిలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఓడలో మెట్లు నిట్టనిలువుగా ఉంటాయండీ. మోకాలు ఇప్పుడిప్పుడే తగ్గింది. ఆవిడకి మెట్లెక్కే పని లేని చోట గది ఇప్పించండి."