టేకు పలక మీద మూడో పేరు

మొన్న ఇంట్లో దేవుడి అర పుచ్చిపోతే, మంచి చెక్క ఏదైనా దొరుకుతుందేమోనని ఎల్.బి.నగర్‌లో పాత కలప అమ్మే దుకాణానికి వెళ్ళాను. గోడకు చేర్చిన తలుపుల మధ్య మనిషెత్తు టేకు పలక ఒకటి దుమ్ముకొట్టుకుని కనిపించింది. చేత్తో తుడిస్తే బంగారు రంగు అక్షరాలు బయటపడ్డాయి. ఎన్నేళ్ళయినా నా రాత నాకు తెలియదా? పైన గోల్ఫ్ పోటీ పేరు, దాని కింద విజేతల పేర్లు మూడు, ఆ కింద ఇంకో ముప్పై పేర్లకు సరిపడా ఖాళీ. అక్కడే ఒక దూలం మీద కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫ్లెక్సీలు రాకముందు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ బోర్డు దగ్గర్నుంచి చీరల దుకాణం బోర్డు దాకా ప్రతి అక్షరమూ ఎవరో ఒకరు నిచ్చెనెక్కి కుంచెతో రాసిందే. పోచంపల్లి వైపు నుంచి మగ్గం వదిలేసి వచ్చిన కుటుంబం మాది. నాన్న బట్టల దుకాణంలో కుదిరాడు, నేను కుంచె పట్టాను, తమ్ముడు మాత్రం మా ఇంటావంటా లేని పనికి పోయాడు. పెద్ద అంబర్‌పేట్ అవతల ఒక కంపెనీవాళ్ళు గోల్ఫ్ మైదానం వేస్తే, ఆడేవాళ్ళ సంచులు మోయడానికి చేరి, మోస్తూ మోస్తూనే ఆట నేర్చుకుని, ముప్పై దాటాక తానే పోటీల్లో ఆడే స్థాయికి వచ్చాడు. కట్టెతో బంతిని కొట్టడం కూడా ఒక బతుకుతెరువేనా అని అమ్మ చివరిదాకా నమ్మలేదు.

ఆ కంపెనీయే ఏటా నాలుగు రోజుల పోటీ మొదలుపెట్టింది. ఎన్నో తరాలు నడిచే పోటీ అన్నట్టు అంత పెద్ద పలక చేయించి, పేర్లు రాసే పని నాకిచ్చింది. మొదటి రెండేళ్ళూ బయటి ఊళ్ళవాళ్ళు గెలిచారు. మూడో ఏడు గెలిచినవాడికి మరుసటేడు దేశంలో జరిగే పోటీలన్నిటా ఆడే అర్హత ఇస్తామన్నారు. తమ్ముడికి నడుము నొప్పి అప్పటికే మొదలైంది. ఈసారి కాకపోతే నాన్న పక్కన కూర్చుని చీరలు మడతపెట్టుకుంటానని నా ఒక్కడితోనే అన్నాడు.

ఆఖరి రోజు వాడి పక్కనే, వాడికి పోటీగా ఆడింది ఎవరనుకున్నారు, ఆరేళ్ళు వాడు ఎవరి సంచి మోశాడో ఆ సారే. ఈ ఆటలో బంతిని గుంటల్లో వేయడానికి ఎవరికి తక్కువ దెబ్బలు పడితే వాళ్ళే గెలిచినట్టు, ఆ దెబ్బల లెక్క ఒకరిది ఇంకొకరు రాస్తారు. ఆట అయ్యాక మన కాగితం మనం గుంట గుంటకూ సరిచూసుకుని సంతకం పెట్టాలి. కొట్టిన దెబ్బలకంటే తక్కువకు సంతకం పెడితే పోటీలోంచే తీసేస్తారు. చివరి బంతి గుంటలో పడేసరికి తమ్ముడు సారు కంటే ఒక్క దెబ్బ ముందున్నాడు. బహుమతి ఫోటోకు పలక సిద్ధంగా ఉండాలని నిర్వాహకులు తొందరపెడితే, నేను ఒళ్ళు తెలియని సంతోషంలో వాడి పేరు బంగారు రంగుతో రాసేశాను. రాసి ఊరుకున్నానా, లెక్కలు చూసే డేరా దగ్గరికి పోయి, "జల్ది రారా, నీ పేరు రాసిన, వచ్చి చూడు" అని కేక వేశాను.

వాడు నావైపు చూసి నవ్వి సంతకం పెట్టేశాడు.

మైకులో రెండు దెబ్బల తేడాతో గెలుపు అన్నారు. తమ్ముడు ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళి, తేడా ఒక్కటేనని, పద్నాలుగో గుంటలో తాను ఐదు కొట్టానని తానే చెప్పాడు. కాగితంలో నాలుగని ఉంది. ఐదని ఉన్నా గెలిచేవాడే. సరిచూసుకోలేదా అని అందరూ అడిగితే, "సారు రాసినంక నేను మల్ల జూస్తనా" అన్నాడు. పక్కన సారు తల దించుకుని నిలబడ్డాడు.

ఆరని రంగును టర్పెంటైన్ గుడ్డతో నేనే తుడిచాను. అదే చోట సారు పేరు కూడా నేనే రాశాను. ఆ మనిషి కావాలనే తక్కువ రాసి ముంచాడని చాలా ఏళ్ళు ఊరంతా తిట్టుకుంటూ తిరిగాను. తమ్ముడు మాత్రం తన ముందు ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు. ఈ వయసులో దాపరికమెందుకు, నా కేక గుర్తు రాకుండా ఉండడానికే సారును తిట్టేవాణ్ణి. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే వాడు కాగితం చూసుకునేవాడేమో. ఈ సంగతి వాణ్ణి ఇప్పటికీ అడగలేదు.

నాలుగో ఏడు పోటీ జరగలేదు. తమ్ముడు ఆ ఏడంతా తెల్లారకుండానే వెళ్ళి సాధన చేస్తూనే ఉన్నాడు. తర్వాత కంపెనీ చేతులెత్తేసింది, మైదానం ప్లాట్లయింది, వాడు నాన్న కూర్చున్న గద్దె మీదే కూర్చున్నాడు.

పలక ఏం చేస్తావని దుకాణం అతన్ని అడిగితే, "రందా గొడితే గా అక్షరాలన్నీ పోతయ్ సార్, మీ దేవుడి అరకు మస్తుగుంటది" అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. ఇన్నేళ్ళ కోపం ఇప్పుడైనా బయటికొస్తుందేమో, నన్నైనా ఒక మాట అంటాడేమోనని ఎదురుచూశాను.

"సారు మొన్ననే పోయిండన్నా," అన్నాడు. "ఆయన పేరు చెరిపెయ్యనియ్యకు."

పలక కొని ఆటోలో వేసుకొచ్చాను. ఇప్పుడు పేర్లు రాయడానికి కుంచె అక్కర్లేదు, తుడవడానికి గుడ్డా అక్కర్లేదు, మిషన్‌లో ఒకటి తీసి ఇంకొకటి పెడితే కింద ఏముండేదో ఎవరికీ తెలియదు. ఈ టేకు మాత్రం రంగును కొంచెం పీల్చుకుంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు సారు పేరు కింద తమ్ముడి పేరులో మొదటి అక్షరం కనిపిస్తుంది. అందుకే దాన్ని గోడవైపుకు తిప్పి పెట్టాను.