అవతలి ఒడ్డు చేరని పడవ

మా తోటికోడలు కరుణాకుమారికి అనుమానం అంటే ఏమిటో తెలియదు. కూర దించేముందు ఉప్పు చూడదు. స్టేషన్‌కి బయల్దేరేముందు రైలు టైము అడగదు. విచిత్రం ఏమిటంటే ఉప్పు సరిపోతుంది, రైలు కూడా ఆమె కోసమే ఆగినట్టు ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. పక్కపక్క ఇళ్లలో ఇన్నేళ్లుగా కాపురం చేస్తూ, ఈ సంగతి చూసి నేను కుళ్లుకున్న రోజులు లేకపోలేదు. ఇప్పుడు అలవాటైపోయింది.

మాది బిట్రగుంట. నేను అక్కా అని పిలిచే కరుణాకుమారి అంగన్‌వాడీ టీచరు. ఏ గొంతుతో పిల్లల్ని నిద్రపుచ్చుతుందో అదే గొంతుతో వీధి చివర గేదెను కూడా నిలబెట్టేయగలదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ఒకరు ముందు పాదం పాడి ఇవ్వాలి, మిగిలినవాళ్లు అందుకోవాలి. ఎత్తినవాళ్లు ఇచ్చేదాకా ఎవరూ నోరు తెరవరు. నేను రెండో వరుసలో కూర్చుని అందుకునేదాన్ని. నాది కాకి గొంతు. ఈ మాట నాది కాదు, అక్కదే. "నువ్వు పెదాలు కదిలించు చాలమ్మే, దేవుడికి అర్థమవతాదిలే" అని చర్చి మెట్ల మీదే చెప్పేది. నాకు కోపం వచ్చేది, కానీ పెదాలే కదిలించేదాన్ని.

ఈ జనవరిలో అక్కకు మెడలో థైరాయిడ్ గడ్డ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం వెంటనే తిరిగి రాలేదు. మాట్లాడితే సగం గాలే వచ్చేది. పాడితే కాస్త పైకి వెళ్లగానే పుటుక్కున తెగేది. నెమ్మదిగా వస్తుంది, రోజూ సాధన చేయండి అన్నాడు డాక్టరు. నెమ్మదిగా అనే మాట అక్క చెవికి ఎక్కదు.

మేం ఈస్టర్ ఆరాధన జువ్వలదిన్నె సముద్రపొడ్డున చేస్తాం. తెల్లవారకముందే ఆటోల్లో వెళ్లి, చాపలు పరుచుకుని, పొద్దు పొడిచే వేళకు పాట ఎత్తుతాం. ఈసారి ఆ పాట సంగతి మాట్లాడటానికి పాస్టరు మాథ్యూ గారు ఇంటికొచ్చారు. కుర్రాయన, మర్యాదస్తుడు. గ్లాసు కింద పెట్టి మెల్లిగా అన్నారు.

"అక్కా, ఈ ఒక్కసారికి రికార్డయిన ట్రాక్ పెట్టుకుందామా? స్పీకర్ నేను తెస్తాను. మీరు రెస్టు తీసుకోండి."

"ట్రాక్ ఎవరికోసం ఆగతాదయ్యా?" అంది అక్క. "వెనక వరుసలో ఎస్తేరమ్మకి ఆయాసం. ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆ డబ్బా ఆగతాదా? పాట నేనే ఎత్తుతా."

ఆయన చూద్దాం అక్కా అంటూ లేచారు. ఆయన వెళ్లాక అక్క వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నాకు చాలా భయం వేసింది. పాట ఎత్తడం ఆమెకు జీతం లేని ఉద్యోగం. అది పోతే మిగిలేది ఎవరో కరుణాకుమారి, మా అక్క కాదు.

అప్పుడు ఫేబీ ఒక ఆట తెచ్చింది. ఫేబీ అక్క కూతురు, కావలిలో చదువుతుంది. అక్క ఫోన్‌లో ఎక్కించింది ఆ ఆట. పేరేదో ఇంగ్లీషులో ఉంది, మేం పడవాట అనేవాళ్లం. వేలితో ముట్టుకునే పనే లేదు. మనం పాడితే ఫోను వింటుంది. స్వరం పట్టి నిలబెడితే పడవ అల ఎక్కుతుంది, దించితే దిగుతుంది. అట్లా అవతలి ఒడ్డుకు చేరాలి. ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ చేయలేదట, దేశదేశాల వాళ్లు మెచ్చుకున్నారట. తెరమీద సముద్రం మాత్రం నిజంగా కన్నులపండుగగా ఉంది.

"ఇంతేనా?" అంది అక్క. ఆ సాయంత్రమే పాస్టరు గారికి ఫోన్ చేసి చెప్పేసింది, అవతలి ఒడ్డు చేరి చూపిస్తాను, ఆ తర్వాత మీ స్పీకర్ మీ ఇంట్లోనే పెట్టుకోండి అని.

పడవ మునిగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ మునిగింది. ఎంత దూరం పోయినా సరే, గొంతు ఒక్క క్షణం జీరబోయిందంటే పడవ బోర్లాపడేది. ఒక తెల్ల పక్షి వచ్చి పకపకా నవ్వేది. తర్వాత పడవ మళ్లీ ఇవతలి ఒడ్డునే, ఏమీ జరగనట్టు. అంతదాకా వచ్చిన మనిషి కదా, సగంలో ఎక్కడైనా దింపుదామన్న జాలి ఆ ఆటకు లేదు. అక్క పాటలో అందమంతా స్వరాన్ని కదిపే ఆ చిన్న ఊపులోనే ఉంటుంది. ఆ ఊపు ఇస్తే చాలు, తప్పు కింద లెక్క. దాంతో ఊపు మానేసి, కర్రలాగా నిటారుగా పాడటం మొదలుపెట్టింది. వినడానికి ప్రాణం ఉసూరుమనేది.

పెరట్లో, డాబా మీద, పిల్లలు పడుకున్నాక అంగన్‌వాడీ వరండాలో, ఎక్కడ చూసినా అదే పని. అన్నం చల్లారిపోయేది. మా బావగారు ఒకరోజు తనే వడ్డించుకుని, తనే తిని, తనే కంచం కడుక్కున్నారు. ఆ ఇంట్లో అది పెద్ద విశేషం.

"ఆ పక్షి మెడ విరిచే దారి ఏమన్నా ఉందేమే?" అని ఫేబీని అడిగేది అక్క.

"లేదమ్మా. ఓడిపోతేనే నేర్చుకుంటారని అట్ట చేసినారంట."

"ఎవరు నేర్చుకునేది? నేను ఓడిపోవడం ఒకటే నేర్చుకుంటుండా."

ఈస్టర్ ముందు శనివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పొయ్యి మీద కుక్కర్ ఉంది, అక్క ఫోను పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. సరిగ్గా గొంతు తెగే చోటికి వచ్చేసరికి కుక్కర్ విజిల్ వేసింది. ఇంకేముంది, పడవ ఆ విజిల్ పట్టుకుని అల మీద అల ఎక్కుతూ, అక్క ఎన్నడూ చూడని చోటుకు పోయింది. దూరంగా అవతలి ఒడ్డు మీద దీపాలు కూడా కనిపించాయి. విజిల్ ఆగాక మునిగింది, అది వేరే సంగతి.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క నవ్వలేదు. ఫోను గట్టు మీద బోర్లా పెట్టింది.

"చూసినావా అమ్మే? దీనికి నేనూ కుక్కరూ ఒకటే. ఇన్నాళ్లూ దీనిముందరా నేను తలొంచుకునింది?"

ఎంత ఆశపడిందో అంత నీరుగారిపోయింది పాపం. కానీ ఆ మొహంలో పాత అక్క కనిపించింది నాకు. సాయంత్రం పాస్టరు గారు ఫోన్ చేసి, ఒడ్డు చేరారా అక్కా అని అడిగారు.

"చేరలేదు. అయినా నేనే ఎత్తుతా" అని పెట్టేసింది.

మర్నాడు జువ్వలదిన్నెలో గాలి విపరీతంగా ఉంది. మా ఆటో దిగగానే నేను చూసింది పాస్టరు గారి స్పీకర్‌ని. చాప చివర, దుప్పటి కప్పి పెట్టారు. అక్క కూడా చూసింది. చీర కొంగు నడుముకు దోపుకుని ముందుకెళ్లి నిలబడింది.

మొదటి చరణం తగ్గు స్వరంలో ఎత్తింది, తన ఊపుతోనే. సన్నగా ఉన్నా నిలబడింది. మేం అందుకున్నాం. రెండో చరణం పైకి వెళ్లే పాదం. అక్క ఊపిరి పీల్చి ఎత్తింది. సగంలో తెగిపోయింది.

ఎవరూ నోరు తెరవలేదు. ఎత్తినవాళ్లు ఇవ్వలేదు కదా, అందుకోవడానికి లేదు. సముద్రం ఒక్కటే వినబడుతోంది. అక్క పెదాలు కదులుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. పాస్టరు గారి చెయ్యి దుప్పటి మీదకు పోయింది.

ఆ చెయ్యి చూశాక నాకు ఒళ్లు మండింది. అంతే, నోరు తెరిచి తెగిన చోటునుంచి పాడేశాను. ఎంత ఘోరంగా పాడానో నాకు తెలుసు. ముందు వరుసలో పిల్లలు తిరిగి చూశారు. నా వెనక ఎస్తేరమ్మ ఆయాసపడుతూనే కలిసింది, ఆమె తర్వాత మగవాళ్లు, ఆ తర్వాత అందరూ. పాదం పూర్తయింది. ఈలోగా అక్క గుండెనిండా గాలి పీల్చుకుని, కళ్లు తుడుచుకుని, తర్వాతి పాదం ఎత్తింది. ఆ ఉదయం ఆమె గొంతు ఇంకా చాలాచోట్ల తెగింది. తెగిన ప్రతిచోటా ఎవరో ఒకరు అందుకున్నారు. స్పీకర్ దుప్పటి కిందే ఉండిపోయింది.

తిరిగొస్తుంటే ఆటోలో అక్క నా పక్కన కూర్చుంది. బోగోలు దాటాక నా వైపు తిరిగింది.

"నిజంగా కాకి గొంతేమే నీది" అంది.

"తెలుసులే."

"ఇకమీద గట్టిగానే పాడు."

నాకు ఏడుపొచ్చింది, దుమ్ము మీదకు నెట్టేశాను. అక్క ఫోన్‌లోంచి ఆ ఆటను తీసేస్తూ ఎదురుగా కూర్చున్న ఫేబీ తలెత్తింది.

"అమ్మా, ఆట ఎట్ట ఉందో చెప్పమని అడగతాండాది. ఎన్ని స్టార్లు ఇయ్యను?"

"సముద్రం బాగా గీసినారు. దానికి రెండియ్యి."

"ఏమన్నా రాయాల్నా?"

అక్క ఫోను వైపు వంగింది.

"రాయి. పడవ ఒక్కటే పోతే మునగక ఏం జేస్తాది? పక్కన ఇంకో పడవ పెట్టమను. కాకి గొంతుదైనా పర్లేదను."