భయం లేదని నేను చెప్పిన సినిమా

మా జిరాక్సు షాపు నర్సీపట్నంలో ఆఫీసులుండే రోడ్డు మీద. సోమవారం నుంచి గురువారం దాకా ఊపిరాడదు. కొండ మీద నుంచి దిగినవాళ్ళు, కింద ఊళ్ళ రైతులు, అందరి చేతుల్లోనూ ఆధార్ కార్డులూ పాసుపుస్తకాలూ. శుక్రవారం మాత్రం మధ్యాహ్నం భోజనం కాగానే షట్టర్ సగం దించేస్తాను. కొత్త సినిమా మ్యాట్నీ చూడకపోతే నాకు ఆ వారం గడిచినట్టే ఉండదు. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. అననీండి.

శనివారం పొద్దున్న షాపుకొచ్చినవాళ్ళు చేతిలో కాయితం ఇవ్వకముందే "ఎలగుందండీ?" అని అడుగుతారు. ఫోన్లో రివ్యూలు బోలెడుంటాయి గానీ మా రోడ్డు మీద వాళ్ళకి నా మాట మీదే గురి. నేను ఏ హీరోకీ అభిమానిని కాను, నసుగుడు నాకు చేతకాదు. పెళ్ళాం పిల్లల్తో వెళ్ళొచ్చో లేదో మొహమ్మీదే చెప్పేస్తాను. దాంతో నాకు కాస్త గీర కూడా వచ్చిందని ఒప్పుకుంటాను.

ముఖ్యంగా ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్లంటే నాకు ఒళ్ళు మంట. ప్రతిదాంట్లోనూ వాన. వాన కురవకపోతే హత్య జరగదు. పోలీసాయనకి పెళ్ళాం ఉండదు, గెడ్డం ఉంటుంది. హంతకుడెవరో నాకు ఇంటర్వెల్‌కి ముందే తెలిసిపోతుంది: మొదటి అరగంటలో హీరోకి కాఫీ ఇచ్చి నవ్వుతూ మాట్లాడినవాడే. ఆఖర్న వాడి చిన్నతనం చూపిస్తారు, పాపం తండ్రి బెల్టుతో కొట్టాడని. ఓర్నాయనో, మా నాన్న మమ్మల్ని చింతబరికెతో వాయించేవాడు. నేను జిరాక్సులు తీసుకుంటున్నాను గానీ ఎవర్నైనా చంపానా?

సైన్సు సినిమాలు ఇంకో తలనొప్పి. కాలంలో వెనక్కి వెళ్ళే మిషను కష్టపడి కనిపెడతాడు, వెళ్ళి చేసేది మాత్రం ఒక పాట, రెండు ఫైట్లు. ఆ పాటి దానికి వెనక్కెళ్ళడం ఎందుకు, ఇక్కడే చేసుకోవచ్చుగా! ఒక్కటి మాత్రం నాకు నచ్చింది. పేరున్నవాళ్ళెవరూ లేరు, సినిమా మొత్తం ఒకే వంటింట్లో తీశారు, ఒకావిడకి అదే రోజు మళ్ళీ మళ్ళీ తెల్లారుతుంది. బాగుందని అందరికీ చెప్పాను. ఒక్కడూ వెళ్ళలేదు. మూడో రోజు పోస్టర్ పీకేశారు.

ఇక దెయ్యాల సినిమాలు. కాసేపు గప్‌చుప్‌గా ఉంచి ఢామ్మని మోగిస్తారు. అది భయం కాదు, ఉలికిపాటు. పక్కింటోళ్ళు తలుపు ధబాల్న వేసినా ఉలిక్కిపడతాం. పైగా అందరూ మా ఏజెన్సీ కొండల మీదే పడతారు. కెమెరా ఘాటీ ఎక్కిందంటే చాలు, నిమ్మకాయలు, ముగ్గులు, నల్లబట్టల ముసలాడు. కొండ మీద నుంచి నా షాపుకొచ్చే పెద్దాయనొకడు అలాంటి పోస్టర్ చూసి పగలబడి నవ్వాడు. "మా ఊళ్ళో ఇలాటోడిని మేమెప్పుడూ సూడనేదు బావూ" అన్నాడు. నన్ను మాత్రం ఏ దెయ్యమూ భయపెట్టలేదని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి.

మా అప్ప, అంటే నా తోడబుట్టిన పెద్దక్క, మాకవరపాలెం దగ్గర ఊళ్ళో కొడుకూ కోడలితో ఉంటుంది. నాకు సినిమా పిచ్చి అంటించింది ఆవిడే. చిన్నప్పుడు ఆడవాళ్ళ లైన్లో దూరి మా ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు తెచ్చేది. ఆర్నెల్ల కిందట ఆవిడకి గుండెపోటు వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళి స్టెంటు వేయించాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మా మేనల్లుణ్ణీ నన్నూ పక్కకి పిలిచారు. ఇంకో నాళం కూడా బాగాలేదని, ప్రస్తుతానికి మందులతో చూద్దామని, ఒక్కసారిగా కంగారుపడే పరిస్థితి మాత్రం రానివ్వొద్దని చెప్పారు. ఆ మాట అప్పకి చెప్పలేదు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. టీవీలో సీరియల్ వాళ్ళు దెబ్బలాడుకుంటున్నా ఛానెల్ మార్చేస్తారు. హాలుకి తీసుకెళ్ళడమన్న మాటే లేదు. అందుకని శనివారం సాయంత్రం ఆవిడ ఫోన్ చేస్తే, నేను చూసిన సినిమా కథంతా చెప్పేవాణ్ణి.

కొత్త దెయ్యం సినిమా వచ్చిన ఆ శుక్రవారం మా ఇంట్లో చేపల పులుసు. మొహమాటం లేకుండా తిన్నాను. హాల్లో చల్లగా ఏసీ. కొత్త కాపురం, పాత ఇల్లు, మేడ మీద తాళం వేసిన గది, ఇంటర్వెల్ దాకా నవ్వుకుంటూనే చూశాను. ఇంటర్వెల్లో టీ తాగినా లాభం లేకపోయింది. కళ్ళు మూతలు పడిపోయాయి. లేచేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి. దెయ్యం సినిమాలో సగం నిద్రపోయానని చెప్తే రేపట్నుంచి నన్నెవడు లెక్కచేస్తాడు? ఇంత చప్పుడులో నిద్రపట్టిందంటే సినిమాలోనే పస లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు షాపులో అందరికీ అదే చెప్పాను. సాయంత్రం అప్పకీ అదే.

"బయం ఉన్నాదేటిరా?" అంది.

"భయమా, నా బొందా! పసిపిల్లలు కూడా నవ్వుకుంటారప్పా."

"రెండో సగం కూడానా?"

"అదింకా చప్పగా ఉంది" అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఒక మాస్టారు సర్టిఫికెట్ల జిరాక్సుకి వచ్చారు. వస్తూనే చొక్కా చెయ్యి పైకి లాగి చూపించారు. ముంజేతి మీద నాలుగు గోళ్ళ గీతలు.

"మా ఆవిడ పనండీ ఇది. మీ మాట నమ్మి తీసుకెళ్ళాను. ఏటండీ మీరు, మనిషేనా? ఇంటర్వెల్ తరవాత హాలు హాలంతా కేకలు! ఆవిడకి రెండ్రోజులు గుండెదడ తగ్గలేదు."

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. గుండెదడ అన్న మాట దగ్గరే నా చెయ్యి ఫోన్ మీదకి పోయింది. అప్ప ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, అంతే. మేనల్లుడికి చేశాను.

"అమ్మా, మా ఆవిడా మ్యాట్నీకి వచ్చారు కదా మావయ్యా. నీకు చెప్పలేదా?" అన్నాడు. "ఆదివారం నుంచి ఒకటే గొడవ, వెళ్తానని. ఏం భయం లేదని నువ్వు చెప్పావంటేనే పంపాను."

వాడికి నిజం చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. టైము చూస్తే నాలుగవడానికి పావుగంట తక్కువ. ఇంటర్వెల్ అయిపోయే వేళ. మాస్టారి సర్టిఫికెట్టు మిషను అద్దం మీదే ఉంది. "కాస్త షాపు చూస్తూండండి" అని చెప్పి బండి తీశాను. ఆ రోజు కనిపించిన ప్రతి షేర్ ఆటో నాకు అడ్డంగానే ఆగింది. మార్కెట్ మలుపులో బస్సు వెనక్కి తీస్తున్నాడు, వెనకనుంచి నేను హారన్ నొక్కుతూనే ఉన్నాను. ఎవడో తిట్టాడు. తిట్టనీ. నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. ఆవిడకేమైనా అయితే నా నోటి దురదే చంపినట్టు.

హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆయన నన్ను ఎరుగున్నవాడే. చెయ్యి అడ్డం పెట్టాడు. "శుక్రారం సూసీసినారు కదండీ, మళ్ళీ ఏటి?"

"చూళ్ళేదయ్యా! నిద్రపోయాను!" అని అరిచాను. "లోపల మా అప్ప ఉంది, గుండె జబ్బు మనిషి."

ఆయన నా మొహం చూసి తప్పుకున్నాడు. బాల్కనీ మెట్లెక్కి లోపలికి పోతే కళ్ళు కనబడవు. ఫోన్ లైటు వేశాను. "ఎవడ్రా అది, లైటాపు!" అని నాలుగు పక్కల్నుంచీ కేకలు. మూడో వరసలో, ఈ చివర్న ఒక సీటు వదిలి అప్ప. పక్కన కోడలు. తెర మీదకి చూస్తూ ముందుకి వంగి కూచుంది అప్ప. వెళ్ళి ఇవతల ఖాళీ సీట్లో కూలబడ్డాను.

"బాబాయ్‌గారూ, మీరేటి ఇక్కడ?" అంది కోడలు.

అప్ప వీపు వెనకనుంచి ఆ అమ్మాయి వైపు ఒంగి గుసగుసగా అడిగాను. "నాలిక కింద పెట్టుకునే మాత్ర తెచ్చావా అమ్మా?"

ఆ అమ్మాయి మొహం పాలిపోవడం ఆ చీకట్లో కూడా తెలిసింది. "తేలేదండీ. మీరు భయం లేదన్నారు కదా అని..."

"ఎదురుగా మందుల షాపుంది. బేగి వెళ్ళి పట్రా." ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది.

అప్ప ఒకసారి నా వైపు చూసింది. "ఏట్రా? సూడనీ" అంది. అంతే, మళ్ళీ తెర వైపు తిరిగింది. నేను తెర చూడలేదు. అప్ప మొహమే చూస్తున్నాను. తెర వెలుతురు ఆవిడ మొహం మీద పడుతోంది, పోతోంది. కాసేపటికి ఆవిడ కుడి చెయ్యి మెల్లిగా పైకి వచ్చి గుండె మీద ఆగింది. నాకు ముచ్చెమటలు పోశాయి. ఊపిరి ఎలా తీస్తోందో చూద్దామంటే చీర కొంగు అడ్డం. ఢామ్మని మోగించడం భయం కాదని ఊరందరికీ చెప్పినవాణ్ణి, ఆ మోతకి ముందొచ్చే నిశ్శబ్దానికి చచ్చి బతికాను. ప్రతి నిశ్శబ్దంలోనూ ఇదే ఆఖరిదా అనుకున్నాను. దేవుడికి మొక్కాను కూడా, సిగ్గులేకుండా.

"అప్పా, లేచి పోదాం రా."

"నోర్ముయ్."

అప్పుడే హాలంతా ఒక్కసారి కెవ్వుమంది. అప్ప కూడా అరిచింది. రెండు చేతులతో మొహం కప్పుకుని ముందుకి ఒరిగిపోయింది. లేవలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. "అప్పా! అప్పా!" అని రెక్క పట్టుకుని ఊపేశాను. ముందు వరసవాళ్ళు తెర వదిలేసి మా వైపు తిరిగారు.

మెల్లిగా తలెత్తింది. నవ్వుతోంది! కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది. ఆ నవ్వు నన్ను చూడగానే ఆగిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకేం తెలుసు. కొంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కి ఆనుకుని కూచుంది. కోడలు మాత్రతో వచ్చింది, అది నా గుప్పిట్లోనే ఉండిపోయింది. సినిమా అయ్యేదాకా అప్ప ఇంకోసారి అరవలేదు. చెయ్యి మాత్రం మళ్ళీ గుండె మీదకి చేరి అక్కడే ఉండిపోయింది.

బయటికొచ్చాం. కోడలు బండి తేవడానికి వెళ్ళింది. ఎండ ఇంకా ఉంది, అప్ప గోడ నీడన నిలబడింది. మనిషి నిక్షేపంలా ఉంది.

"అప్పా, తప్పయిపోయింది. నేను రెండో సగం చూళ్ళేదు. నిద్రపోయాను."

"నాకు తెలుసురా."

"ఎలా తెలుసు?"

"నువ్వు సూసిన సినిమాని అరగంట తిట్టకుండా వొదుల్తావేటి? రెండో సగాన్ని ఒక్క మాటతో వొదిలీసినావు."

"మరి తెలిసీ ఎందుకొచ్చావు?" నాకు కోపం వచ్చేసింది, నిజం. "ఏమైనా అయితే?"

"బయపడదామనే వొచ్చినాను" అంది. "డాక్టరు మీకు సెప్పిన మాట నాకు తెలీదనుకుంతన్నారేటి? మీ మొకాలు సూత్తే తెలీదా? నా కొడుకు రోజూ తెల్లారగట్ల వొచ్చి నా ముక్కు కాడ యేలెట్టి సూసుకుంతాడు, ఊపిరాడతందో నేదో అని. నాను మెలకువగానే ఉంతాను. ఆడు బెంగెట్టుకుంతాడని కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా తీత్తాను."

గుప్పిట్లో ఉన్న మాత్రని జేబులో వేసుకున్నాను.

"ఆర్నెల్లు బట్టి ఒక్కదానికే బయపడతన్నాను రా. ఇయ్యాల ఆ దెయ్యాన్ని సూసి బయపడ్డాను. ఎంత హాయిగున్నాదో సెప్పలేను. నాకొక గుండె ఉందన్న సంగతే మర్సిపోనాను."

నా గుండెల మీద నుంచి పెద్ద బండ దిగినట్టయింది. నా అబద్ధం వల్ల మంచే జరిగిందనుకున్నాను. "పోన్లే అప్పా, మూడు గంటలు హాయిగా గడిచింది కదా" అన్నాను.

కోడలు స్కూటీ తెచ్చి ఆపింది. అప్ప కొంగు దోపుకుని వెనక కూచుంది. నా వైపు చూడకుండానే చెప్పింది.

"మూడు గంటలెక్కడివిరా. నువ్వొచ్చి పక్కన కూకుని ఆ మొకం సూపించీదాకా."