చెంగమ్మ మెచ్చిన బావి

చూలైలో చెంగమ్మ నాలుకంటే నాలుకే. వీధిలో ఎవరు చింతపండు కొన్నా, నెయ్యి కొన్నా కాస్తంత తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. ఆమె కళ్ళు మూసుకుని చప్పరించి మంచిదంటే మంచిది, కల్తీ అంటే కల్తీ. అంగళ్ళవాళ్ళకు ఆమె పొడ గిట్టేది కాదు. అటువంటి తల్లి ఉండగా తనకెందుకులే అని, కోకిల ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఏదీ తను రుచి చూసి ఎరగదు.

కోకిల మొగుడు దేవరాజులు తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. తల్లీ తండ్రీ లేనివాడు కాబట్టి పెళ్ళయిన నాటినుంచీ అత్తగారింటి వెనక భాగంలోనే కాపురం. ముందు భాగంలో చెంగమ్మా, ఇంకా పెళ్ళికాని కోకిల అన్న సుందరమూ ఉండేవాళ్ళు. ఇల్లరికపు అల్లుడని వీధి నవ్వినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పిలిచి అన్నం పెట్టే మనిషి అతనికి జీవితంలో మొదటిసారి దొరికింది మరి.

డెబ్భై నాలుగు ఎండాకాలంలో, వాళ్ళ కూతురు జయంతికి మూడేళ్ళు నిండినప్పుడు, చెంగమ్మే ఇల్లు మారే మాట ఎత్తింది. ఈ సందులో వర్క్‌షాపుల పొగ తప్ప గాలి లేదు, పిల్ల దగ్గు తగ్గడం లేదు, అల్లుడు రోజూ రైల్లో పడి నలిగిపోతున్నాడు, తిరువొత్తియూరు అవతల సముద్రపు గాలికి ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉంది, చూసుకోండి అంది. పుట్టి పెరిగిన సందు వదలడం కోకిలకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ పిల్ల దగ్గు మాట వచ్చేసరికి సరేననక తప్పలేదు.

ఇల్లు చూడ్డానికి అందరూ కలిసి వెళ్ళారు. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పేనంటారే అని దేవరాజులు నసిగాడు. చెంగమ్మ తనే చేద వేసి తోడి, దోసిట్లో పోసుకుని గటగటా తాగింది. పిల్లను చంకనెత్తుకున్న కోకిల కూడా చెయ్యి చాచబోతే, చేద పక్కకు జరిపేసింది.

"నేను తాగినాను గదా. చెరుకు రసం మాదిరి ఉండాయి."

కోకిల చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ బాగుందన్నదాన్ని మళ్ళీ రుచి చూడడమంటే అమ్మను తిట్టినట్టే లెక్క ఆ ఇంట్లో. దేవరాజులు దాచుకున్నదంతా ఆ పెంకుటింటికి పోసేశాడు.

పాలు పొంగించే రోజున చెంగమ్మ రెండు పెద్ద ఇత్తడి బిందెల నిండా చూలై నీళ్ళు బండిలో పెట్టించుకుని వచ్చింది. కొత్తింట్లో మొదటి వంటలు పుట్టింటి నీళ్ళతోనే చేయాలట, అది తమ వంశాచారమట. అటువంటి ఆచారం కోకిల ఎన్నడూ వినలేదు. అయినా తల్లి ఆ వయసులో తన కోసం నీళ్ళు తెచ్చిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పిచ్చి మొహం.

బిందెలు ఖాళీ అయ్యాక బావి నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చినా పప్పు రాళ్ళలాగే ఉంది. పాత సరుకు అంటగట్టాడని అంగడివాణ్ణి తిట్టింది. కాఫీ కలిపితే పాలు విరిగాయి. పాలవాణ్ణి తిట్టింది. జయంతి ఒక గుక్క తాగి "ఉప్పు" అని ఉమ్మేసి ఏడుపు లంకించుకుంది. అప్పుడుగానీ తను తాగి చూడాలని కోకిలకు తోచలేదు. గుక్కెడు నోట్లో పోసుకుని తనూ ఉమ్మేసింది.

బావి ఎందుకు చెడిందని పక్కింట్లో చేపలు ఎండబెట్టుకునే పొన్నుతాయిని అడిగితే ఆమె పకపకా నవ్వింది. చెడడానికి అది ఎప్పుడు బాగుంది కనక? తవ్విన నాటినుంచీ ఉప్పే. మంచినీళ్ళు కావాలంటే రైలు గేటు అవతల పంపు దగ్గర పడిగాపులు పడాల్సిందే. ఆ సంగతి మీ అమ్మకు చెప్పానే అంది. మీరంతా రావడానికి వారం ముందే ఆమె ఒక్కతే వచ్చిందని, నీళ్ళు నోట్లో పోసుకుని ఈ గోడ పక్కనే తుపుక్కున ఉమ్మిందని చోటుతో సహా చూపించింది.

కోకిల ఆమె మీద విరుచుకుపడింది. వచ్చింది ఇంకెవరో అంది. పొన్నుతాయి గొడవకు రాలేదు. చెవులకు ఏడురాళ్ళ కమ్మలు, ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు అని గుర్తులు చెప్పి, తన చేపల దగ్గరకు పోయింది. ఆ కమ్మలూ ఆ తేలూ చెంగమ్మవే.

కొద్ది రోజులకే ఆ నీళ్ళతో స్నానం చేయించడంతో జయంతి ఒళ్ళంతా పేలిపోయింది. శుక్రవారం నాడు పిల్లను ఎత్తుకుని కోకిల చూలైకి రైలెక్కింది. దారి పొడుగునా తల్లి తరపున తనే వకాల్తా పుచ్చుకుంది. అమ్మకు ఆ రోజు జలుబు చేసి ఉంటుంది. వయసు మీద పడి నాలుక మొద్దుబారి ఉంటుంది. ఇంటికి చేరేసరికి వెనక భాగానికి సున్నం కొట్టి ఉంది, నడిమి గోడ కొట్టేసి ఉంది, తమ చాపలు పరిచే చోట కొత్త పట్టెమంచం వేసి ఉంది. అన్న సుందరానికి పెళ్ళి కుదిరిందని ఎదురింటావిడ నోటి వెంట విన్నది. కోకిలకు మాట మాత్రంగానైనా చెప్పినవాళ్ళు లేరు.

చెంగమ్మ వంటింట్లో మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దోసె తినిపిస్తోంది. కోకిల ఎదురుగా చతికిలబడింది.

"అమ్మా, ఆ నీళ్ళు ఉప్పని నీకు తెలుసునా?"

"ఆమా, తెలుసు" అంది చెంగమ్మ, దోసె తుంచడం ఆపకుండా. సుందరానికి ముప్పై రెండు నిండాయి. కూతురూ అల్లుడూ తిష్ట వేసిన ఇంటికి పిల్లను ఇవ్వలేమని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. ఇప్పుడు కుదిరినవాళ్ళొక్కళ్ళే, ఇల్లు ఖాళీ అయితే ఇస్తామన్నారు. ఇదంతా ఆమె ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"నన్ను అడిగుంటే పోయుంటానే. అన్న కోసరం పొమ్మంటే నేను పోనా? పిల్లనెత్తుకుని ఏ గుడిసెకైనా పోయుంటాను గదమ్మా."

"పోతావు. నాకు తెలీదా?" చెంగమ్మ అప్పుడు తలెత్తింది. "నా నోటితో పొమ్మని చెప్పుంటే కూతుర్ని తరిమేసిన దాన్నవుతాను. నీకై నువ్వే పోయినట్టు ఉండాలని చూసినా."

కోకిలకు ఒళ్ళు భగ్గుమంది. తడిగుడ్డతో గొంతు కోయడమని ఊరికే అనలేదు పెద్దలు. అన్న పెళ్ళి కోసమే అయితే క్షమించి ఉండేదేమో. తను మంచితల్లిగా మిగలడానికి ఈమె పసిబిడ్డ నోట్లో ఉప్పు పోసింది. కోకిల జయంతిని ఆ ఒళ్ళోంచి లాక్కుని లేచింది. గడప దాకా వెనకే వచ్చిన చెంగమ్మ, అల్లుడికి మాత్రం చెప్పొద్దని, అతను తనను అమ్మ మాదిరి చూసుకుంటాడని బతిమాలింది.

చెప్పి తీరాలని కోకిల రైల్లోనే నిశ్చయించుకుంది. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని కూడా కూర్చుకుంది. సాయంత్రం దేవరాజులు డ్యూటీ దిగి, సైకిలుకు చెరో పక్కా మంచినీళ్ళ బిందె కట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా సగం తడిసి ఉంది. కోకిల ఎదురు వెళ్ళి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోగా అతనే అందుకున్నాడు.

"నీళ్ళ సంగతి అత్తతో ఏమన్నా అన్నావా ఏంది? ఆయమ్మ మనసు కష్టపెట్టబాక. తెలిసుంటే మనల్ని ఈడికి పంపిస్తుందా?"

కోకిల అతని మొహం వైపు చూసింది. అందులో ఎక్కడా అనుమానం లేదు. అతనికి ఈ లోకంలో అమ్మ అనుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మనిషే.

"పంపించదు" అంది.