పత్తి ట్రక్కు మీద పడవ

మాది అమరావతి దగ్గర పల్లె. కృష్ణలో చేపలు పట్టే నా స్నేహితుడు సాంబయ్య నిరుడు బాపట్లలో చిన్న ఫైబర్ పడవ కొన్నాడు. దాన్ని తేవడానికి పడవలు మోసే ట్రైలర్ మాట్లాడబోతే నేనే అడ్డుపడ్డాను.

"నా పత్తి ట్రక్కు ఉండగా అద్దె బండి ఎందుకురా?"

పడవ సగమే ట్రక్కులో పట్టింది. మిగతా సగం గాల్లో వేలాడింది. పత్తి లోడుకు కట్టినట్టే మోకు వేసి, కాలు తన్నిపట్టి లాగాను.

"ఒరేయ్, ఇక చాల్లేరా!" అని సాంబయ్య అరిచాడు.

"లోడు కట్టడం నాకు నేర్పుతావా?" అంటూ ఇంకాస్త బిగించాను. ఫెళ్ళుమంది. పడవ నడుం దగ్గర అడ్డంగా చీలిపోయింది.

ఇప్పుడు సాంబయ్య వేరేవాళ్ళ పడవలో కూలికి వెళుతున్నాడు. ఎంత లాగితే అంత అణిగేది పత్తి ఒక్కటే. ఆ ముక్క తెలుసుకోవడానికి నాకు వాడి పడవే దొరికింది.